ఫ్లయింగ్ స్కూల్లో డబ్బు కట్టే ముందు హ్యాంగర్లో ఒక పూట గడపండి

పోయిన దసరాకి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, పిల్ల పైలట్ కోర్సులో చేరతానంటోంది. యాభై రెండు లక్షలంట. చెరువు కింద ఎకరంన్నర బేరం పెట్టా. ఆ స్కూలు ఎలాంటిదో నువ్వొకసారి వచ్చి చూడు."

నన్నే ఎందుకు అడిగాడంటే, నేను ముప్పై ఒక్క ఏళ్లు విమానాలు బాగుచేసిన మనిషిని. ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్, మా భాషలో ఏఎంఈ. మొదట బేగంపేటలో, తర్వాత వేరే రాష్ట్రాల్లో మూడు ఫ్లయింగ్ స్కూళ్లలో చేశాను. పెద్ద జెట్‌ల జోలికి పోలేదు. సెస్నాలు, పైపర్లు, డైమండ్లు అనే చిన్న శిక్షణ విమానాలతోనే బతుకు గడిచిపోయింది. నాకు ఎగరడం రాదు. ఇవాళ ఈ విమానం ఎగరొచ్చా లేదా అని చూసి సంతకం పెట్టడమే నా ఉద్యోగం. కాబట్టి నేను చెప్పేదంతా నేల మీద నిలబడి చెప్పేదే. పైలట్ అయినవాళ్లు పై సంగతులు ఇంకా బాగా చెబుతారు.

సరే, ముగ్గురం వెళ్లాం. రెండు రోజులు ఉన్నాం. ఆ రెండు రోజుల్లో ఏం చూశానో, ఏం అడిగానో మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ఇంట్లో కూర్చునే తేల్చుకోవలసినవి

ముందు మెడికల్, అంటే వైద్య పరీక్ష. స్కూలు గడప తొక్కకముందే క్లాస్ 2 మెడికల్, ఆ తర్వాత క్లాస్ 1 మెడికల్ చేయించండి. పైలట్ ఉద్యోగానికి క్లాస్ 1 లేకపోతే కుదరదు. రంగులు సరిగ్గా కనిపించని కుర్రాడికి ఆ సంగతి ఇరవై లక్షలు కట్టాక తెలియడం నేను చూశాను. "ముందు అడ్మిషన్ తీసుకోండి, మెడికల్ తర్వాత మేం చూసుకుంటాం" అన్నారంటే ఆ మాట దగ్గరే ఆగిపోండి.

తర్వాత విమానయానాన్ని పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ వెబ్‌సైట్‌లో అనుమతి ఉన్న ఫ్లయింగ్ ట్రైనింగ్ ఆర్గనైజేషన్ల జాబితా చూడండి. పేరు ఉందా, అనుమతి ఎప్పటిదాకా ఉంది, ఏ ఊళ్లో ఎగరడానికి ఇచ్చారు అన్నవి చూడాలి. ఆఫీసు హైదరాబాద్‌లో ఉండి రన్‌వే ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉండొచ్చు. అమీర్‌పేట హోటల్లో సెమినార్ పెట్టి కాఫీ ఇచ్చేవాళ్లలో చాలామంది స్కూలువాళ్లు కాదు, ఏజెంట్లు. వాళ్లకి కమిషన్ ఎవరిస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

2025 అక్టోబర్ 1న డీజీసీఏ మొదటిసారి ఫ్లయింగ్ స్కూళ్లకు గ్రేడులు ఇచ్చింది. ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో ఇస్తారు. ఆ మొదటి విడతలో పైనున్న ఏ ప్లస్ ప్లస్, ఏ ప్లస్ గ్రేడులు ఒక్క స్కూలుకూ రాలేదు. అందువల్ల ఎవరైనా "దేశంలో నంబర్ వన్" అంటే చిరునవ్వు నవ్వి, మీ గ్రేడ్ కాగితం చూపించండి అనండి. నన్నడిగితే గ్రేడు ఒక్కటే చూసి చేరకండి. బి వచ్చిన స్కూలు ఏ కారణానికి తగ్గిందో వాళ్ల నోటితోనే వినాలి. నిజాయితీగా చెప్పేవాళ్లు ఉంటారు.

ఇంకొకటి, ప్రమాదాల రిపోర్టులు. ఏఏఐబీ అని ఢిల్లీలో ప్రమాదాలు దర్యాప్తు చేసే సంస్థ ఉంది. తుది రిపోర్టులు వాళ్ల వెబ్‌సైట్‌లో పెడతారు, ఎవరైనా చదువుకోవచ్చు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో సెస్నా 152 కూలి, ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ అమ్మాయి చనిపోయిన సంగతి మనవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అలాంటి రిపోర్టులు రెండు మూడు చదివితే, అవి ఏ స్కూలువైనా సరే, స్కూలువాళ్లని ఏం అడగాలో మీకే తెలుస్తుంది. వాతావరణం ఎవరు చూశారు, సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి, ఎవరు పంపారు, రేడియోలో ఎవరు వింటున్నారు... అన్నీ ఇలాంటి ప్రశ్నలే.

"మా స్కూల్లో ఇంతవరకూ ఒక్క చిన్న సంఘటన కూడా జరగలేదండీ" అని గొప్పగా చెబుతారు. నాకు ఆ మాట నచ్చదు. పిల్లలు నేర్చుకునే చోట తోక నేలకి తగలడం, పక్షి కొట్టడం, విమానం రన్‌వే అంచు దిగడం ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. అది జరిగినప్పుడు రాసిపెట్టి, డీజీసీఏకి చెప్పి, ఆ తర్వాత ఏం మార్చారో చెప్పగలిగిన స్కూలే నాకు నయం.

తొమ్మిది విమానాల లెక్క

మేం వెళ్లిన స్కూలు పేరు రాయను. కౌన్సెలర్ అమ్మాయి ఏసీ గదిలో కూర్చోబెట్టి బ్రోషర్ ఇచ్చింది. తొమ్మిది విమానాలు, పద్నాలుగు నెలల్లో లైసెన్స్. మా బావమరిది మొహం వెలిగిపోయింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఎండలో నాలుగు విమానాలు నిలబడున్నాయి.

ఇక్కడ కొంచెం లెక్క చెయ్యాలి, ఓపిక పట్టండి. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదే అయి, ఉండాలి. ఆ కమాండ్ హోదాలోనే 20 గంటలు ఊరి నుంచి ఊరికి పోయే క్రాస్ కంట్రీ చెయ్యాలి, అందులో ఒకటైనా 300 నాటికల్ మైళ్లకి తగ్గకూడదు. మీటర్లు చూసుకుంటూ ఎగిరే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ 10 గంటలు, రాత్రిపూట 5 గంటలు ఉండాలి.

కౌన్సెలర్ని అడిగాను: "అమ్మా, ఇప్పుడు ఎంతమంది పిల్లలున్నారు?" నూట పది మంది అంది. ఇంకా పాఠాలే చదువుతూ గ్రౌండ్ క్లాసుల్లో ఉన్నవాళ్లని తీసేస్తే ఎగరాల్సినవాళ్లు డెబ్బై మంది. ఎగరగలిగిన విమానాలు నాలుగు. ఒక్కోటి రోజుకి నాలుగు గంటలు, నెలకి ఇరవై రెండు రోజులు ఎగిరిందనుకుందాం. 88 గంటలు. నాలుగింటికి 352. డెబ్బై మందికి పంచితే తలా 5 గంటలు. 200 గంటలకి నలభై నెలలు.

పద్నాలుగు నెలల్లో అవ్వాలంటే ఒక్కొక్కరు నెలకి 14 గంటలు పైచిలుకు ఎగరాలి. ఆ నాలుగు విమానాలు అంత వేగంతో పాతిక మందిని మొయ్యగలవు. మిగతా నలభై ఐదు మంది హాస్టల్లో మంచాల మీద పడుకుని ఫోన్లు చూసుకోవాలి. బాగా నడిచే స్కూళ్లలో ఒక విమానం రోజుకి ఆరు గంటలు కూడా తిరుగుతుంది, కాబట్టి నా నాలుగుని మీరు మార్చుకోండి. వానాకాలం నెలలు మాత్రం తగ్గించుకోండి. ఉత్తరాది స్కూలైతే డిసెంబర్, జనవరి పొగమంచు కూడా తీసెయ్యండి.

ఆలస్యమైతే పోయేది కాలం ఒక్కటే అనుకోకండి. లైసెన్స్‌కి దరఖాస్తు చేసే ముందు ఆరు నెలల్లో కమాండ్ హోదాలో 15 గంటలైనా ఉండాలన్న నియమం ఉంది. 190 గంటల దగ్గర విమానం లేక ఏడాది ఆగిపోయిన పిల్లాడు మళ్లీ డబ్బు కట్టి పాత గంటల మీద కొత్త గంటలు ఎగరాల్సి వస్తుంది. ఈలోగా బ్యాంకువాడు వడ్డీ ఆపడు.

విమానం రోజుకి ఎన్ని గంటలు తిరుగుతోందో వాళ్లని అడగక్కర్లేదు. కాక్‌పిట్‌లో హాబ్స్ మీటర్ అని చిన్న డబ్బా ఉంటుంది, ఇంజిన్ నడుస్తున్నంతసేపూ తిరుగుతుంది, ఆటో మీటర్లాగా. పొద్దున విమానాలు చూపించినప్పుడు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. మర్నాడు సాయంత్రం "పిల్ల ఇంకోసారి కూర్చుంటానంటోంది" అని మళ్లీ తీసుకోండి. మేం అదే చేశాం. రెండు రోజుల్లో ఒక దాని మీద 5.2 గంటలు, ఒక దాని మీద 3.8 పెరిగాయి. మిగతా రెండూ కదల్లేదు. ఆకాశం మాత్రం రెండు రోజులూ అద్దంలా ఉంది.

విమానం మీద వీటీ అని మొదలయ్యే నంబర్ రాసుకుంటే, విమానాలు ఎక్కడ ఎగురుతున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్24లో కూడా వెతకొచ్చు. అన్ని ట్రైనర్లూ అందులో కనిపించవు. కనిపించకపోతే తప్పు పట్టకండి.

హ్యాంగర్ వెనక మూల

ఏసీ గదిలో చూసిందంతా మర్చిపోయి, విమానాలు నిలిపి బాగుచేసే షెడ్డు ఉంటుందే, ఆ హ్యాంగర్‌కి నడవండి. "అక్కడికి పేరెంట్స్‌ని రానివ్వమండీ" అంటే ఒక మనిషిని తోడిచ్చి చూపించమనండి. అప్పటికీ కాదంటే మీరు చూడాల్సింది చూసేసినట్టే.

ముందు వరసలో కడిగి తుడిచినవి ఉంటాయి, వాటిని దాటి వెనక మూలకి వెళ్లండి. ఆ రోజు మూలలో ఒక సెస్నా 172 ఉంది. ప్రొపెల్లర్ లేదు. ఇంజిన్ మీద మూతలు లేవు. ఒక టైరు గాలి పోయి నేలకి అతుక్కుంది. రెక్క మీద పావురాల రెట్ట ఎండి పెంకు కట్టింది. మాతో వచ్చిన మేనేజర్ "ఓవర్‌హాల్ జరుగుతోంది సార్, వచ్చే నెల లైన్‌లోకి వచ్చేస్తుంది" అన్నాడు. ఇంజిన్ దగ్గర దారంతో కట్టిన ట్యాగు వేలాడుతోంది. ఆల్టర్నేటర్ తీసిన తేదీ, ఏ విమానానికి పెట్టారో దాని నంబరు రాసి ఉన్నాయి. తేదీ పద్నాలుగు నెలల కిందటిది. అంటే ఆ విమానం తయారవడానికి నిలబడలేదు, మిగతావాటికి సామాను ఇవ్వడానికి నిలబడింది. బ్రోషర్‌లో తొమ్మిదిలో అదీ ఒకటి.

అలాగని విప్పి ఉన్న ప్రతి విమానాన్నీ చూసి భయపడకండి. 50 గంటలకి, 100 గంటలకి, ఏడాదికోసారి ఎలాగూ తనిఖీకి విప్పాల్సిందే. బాగుచేస్తున్న విమానం చుట్టూ మనుషులుంటారు, లైటు వెలుగుతుంటుంది, విప్పిన సామాను ట్రేలలో ట్యాగులతో వరసగా ఉంటుంది. చచ్చిన విమానం చుట్టూ దుమ్ము ఉంటుంది. ఇంట్లో కుట్టుమిషన్ వాడేదో వాడనిదో మీకు చూడగానే తెలియదూ? ఇదీ అంతే.

గోడ మీద పనిముట్ల బోర్డు చూడండి. మంచి హ్యాంగర్‌లో ప్రతి స్పానర్‌కీ దాని ఆకారంలో గీత గీసి ఉంటుంది. ఏది లేదో దూరం నుంచే కనిపిస్తుంది. ఆ లేనిది ఎవరి చేతిలో ఉందో చీటీ ఉండాలి. లేకపోతే అది ఏ ఇంజిన్ లోపలో ఉండొచ్చు. బోల్టు బిగువు కొలిచే టార్క్ రెంచ్ మీద, అది సరిగ్గా కొలుస్తోందని పరీక్షించినట్టు కాలిబ్రేషన్ స్టిక్కర్ ఉంటుంది, గడువు తేదీ చదవండి. చదవడానికి ఇంజినీరే అవ్వాలా?

ఇంజినీర్లు ఎంతమందని అడగండి. ఆ ప్రశ్న మా బావమరిది అడిగితే "సరిపడా ఉన్నారు" అని జవాబొచ్చింది. లైసెన్స్ ఉండి సంతకం పెట్టగలిగినవాళ్లు ఎందరు, ఇవాళ డ్యూటీలో ఎందరు అని నేను విడగొట్టి అడిగాను. ఒక్కడు. ఆ ఒక్కడు ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే. నన్ను చూసి నమస్కారం పెట్టి తల దించుకున్నాడు.

ఆ తల దించుకోవడం నాకు తెలుసు. చాలా ఏళ్ల కిందట, ఇంకో రాష్ట్రంలో ఒక స్కూల్లో పనిచేస్తున్నప్పుడు, సెస్నా 152 సిలిండర్లకి కంప్రెషన్ టెస్ట్ చేశాను. గేజీలో 80 పెట్టి గాలి ఎక్కిస్తే మంచి సిలిండర్ 70 పైన నిలబడుతుంది. అరవై దిగితే ఊరుకోకూడదు. మూడో సిలిండర్ 54 దగ్గర ఆగింది. విమానాన్ని ఆపేద్దామన్నాను. మేనేజర్ భుజం మీద చెయ్యేశాడు. "ఇవాళ ఐదు సార్టీలున్నాయి గురూజీ, రేపు చూద్దాం." సార్టీ అంటే ఒకసారి ఎగిరి దిగడం. నేను సంతకం పెట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఎవరిదో సంతకం పడి విమానం బయటికి పోయింది. కూలలేదు. ఆరు వారాల తర్వాత నేల మీద ట్యాక్సీ చేస్తుంటేనే ఇంజిన్ కొట్టుకుని ఆగిపోయిందట. అప్పటికి నేను అక్కడ లేను. ఆ ఆరు వారాలూ అందులో ఎగిరిన పిల్లల మొహాలు మాత్రం నాకు గుర్తే.

రెక్క కింద, సీటు మీద

ఇక విమానం. పైలట్ కాకపోయినా కొన్ని చూడగలరు.

టైర్లకి గీతలు మిగిలాయా, లోపలి దారం కనిపిస్తోందా? ముక్కు చక్రం మీద మెరిసే గొట్టం కాస్తయినా పైకి కనిపించాలి. పూర్తిగా కూర్చుండిపోతే అందులో గాలో నూనో పోయినట్టు. కడుపు కింద నూనె చారలు కొద్దిగా ఉంటే ఫర్వాలేదు, ధార కట్టి ఉంటే అడగండి. రెక్క కింద చిన్న గొట్టం ముందుకి చూస్తుంటుంది, దాన్ని పిటో ట్యూబ్ అంటారు, వేగం కొలిచేది అదే. నిలబడి ఉన్నప్పుడు దానికి ఎర్ర తోక ఉన్న తొడుగు వేసి ఉండాలి. వేయకపోతే మన దేశంలో కందిరీగలకి అంతకంటే మంచి ఇల్లు దొరకదు. పైకెళ్లాక వేగం మీటర్ సున్నా చూపిస్తే కుర్రాడు ఏం చెయ్యాలి?

పొద్దున మొదటి సార్టీకి ముందు పిల్లలు పెట్రోల్ ఎలా చూస్తున్నారో దూరం నుంచి గమనించండి. సెస్నా, పైపర్‌లలో పోసే పెట్రోల్, అంటే ఏవిగ్యాస్, లేత నీలంగా ఉంటుంది. రెక్క కింద చిన్న వాల్వ్ నొక్కి గాజు గొట్టంలోకి పట్టి, వెలుతురుకి ఎత్తి చూడాలి. నీళ్లుంటే బుడగలా అడుక్కి దిగుతాయి. కొత్త రకం 172లకి అలాంటి వాల్వులు పదమూడు. పదమూడూ వంగి వంగి చూస్తున్నారా, రెండు నొక్కి ఎక్కేస్తున్నారా? పట్టిన పెట్రోల్ ఏం చేస్తున్నారో కూడా చూడండి. (డైమండ్‌లలో డీజిల్ ఇంజిన్ రకం ఉంది, అందులో పోసేది జెట్ ఇంధనం, అది నీలంగా ఉండదు. నీలం లేదని గొడవ పడకండి.)

తర్వాత మా మేనకోడల్ని కాక్‌పిట్‌లో కూర్చోమన్నాను. ఫోటో తీసుకోబోయింది. "ఫోటో తర్వాత. సీటు ముందుకి లాగి లాక్ వెయ్. వేశావా? ఇప్పుడు కాళ్లు తన్నిపెట్టి వీపుతో వెనక్కి గట్టిగా తోయ్." తోసింది. టక్కుమని సీటు ఒక కన్నం వెనక్కి జారింది.

సెస్నా సీటు నేల మీద పట్టాల మీద జరుగుతుంది. పట్టాలో కన్నాలుంటాయి, పిన్ను ఒక కన్నంలో దిగి సీటుని ఆపుతుంది. ఏళ్ల తరబడి జరిపి జరిపి ఆ కన్నాలు అరిగిపోతాయి. టేకాఫ్‌లో ముక్కు పైకి లేచినప్పుడు సీటు వెనక్కి జారితే పైలట్ పడిపోకుండా చేతిలో ఉన్నదాన్నే పట్టుకుంటాడు. చేతిలో ఉన్నది కంట్రోల్. దాన్ని వెనక్కి లాగితే ముక్కు ఇంకా పైకి లేస్తుంది, వేగం చచ్చిపోతుంది, విమానం రాయిలా పడుతుంది. ప్రపంచంలో చాలామంది ఇలా పోయారు. అందుకే ఆ పట్టాలు, పిన్నులు ఎప్పటికప్పుడు కొలవమని తప్పనిసరి ఆదేశాలున్నాయి.

పక్కనున్న టెక్నీషియన్ కుర్రాడు మెల్లగా "తెలుసు సార్, చెప్పాం" అన్నాడు. ఎక్కడ రాశారన్నాను. జవాబు లేదు. నా పాత శిష్యుణ్ణి అడిగి, విమానం రికార్డు పుస్తకం టెక్ లాగ్ చూశాను. లోపాలు రాసే స్నాగ్ పేజీలు నెల రోజుల నుంచి ఖాళీ. "నిల్, నిల్, నిల్" అని అందమైన చేతిరాత. ఆ వయసు సెస్నా నెల రోజులు ఒక్క లోపం లేకుండా ఎగిరిందంటే, బల్బు కూడా మాడలేదంటే, ఎవరూ రాయడం లేదని అర్థం. చిన్నా చితకా లోపాలు రాసి, కింద ఏం చేశారో రాసి, సంతకాలతో కిటకిటలాడే పుస్తకం చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. మీకు ఆ పుస్తకం చూపించకపోవచ్చు, చూపించి తీరాలని రూలు కూడా లేదు. మర్యాదగా అడగండి. ఎలా కాదన్నారో గుర్తుపెట్టుకోండి.

టీ కొట్టు దగ్గర

స్కూలువాళ్లు ఒక సీనియర్ని పిలిచి మీతో మాట్లాడిస్తారు. వాడు బాగానే చెబుతాడు. సాయంత్రం గేటు బయట టీ కొట్టు దగ్గరికి వెళ్లండి. తెలుగు పిల్లలు ఎక్కడో ఒకచోట దొరుకుతారు, "అంకుల్ మీదే ఊరు" అంటూ వాళ్లే వస్తారు.

వాళ్లని స్కూలు బాగుందా అని అడగకండి. ఎప్పుడు చేరావు, ఇప్పటికి ఎన్ని గంటలయ్యాయి, ఆఖరిసారి ఎప్పుడు ఎగిరావు, అంతే. తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు చారలు వేసుకున్న ఒక నిడదవోలు కుర్రాడు చెప్పాడు: చేరి ఇరవై రెండు నెలలు, 61 గంటలు, ఆఖరిసారి ఎగిరింది వినాయక చవితికి ముందు. ఇన్‌స్ట్రక్టర్లు ఈ ఏడాది నలుగురు మారారట. కొత్తవాడు వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి చెక్ చేస్తానంటాడు, ఆ గంటలు కూడా డబ్బే. చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ పేరు బోర్డు మీద రాసి ఉంది, ఆ కుర్రాడు మాత్రం ఆయన్ని రెండుసార్లే చూశాడట.

ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి: "ఎప్పుడైనా నువ్వు ఈ రోజు ఎగరను అన్నావా? అంటే ఏమైంది?" గాలి ఎక్కువగా ఉందనో, రాత్రి జ్వరం వచ్చిందనో, ఇంజిన్ శబ్దం తేడాగా ఉందనో పిల్లాడు వెనక్కి వస్తే ఇన్‌స్ట్రక్టర్ "మంచి పని చేశావు" అన్నాడా, "నీ వంతు పోయింది, మళ్లీ నెలకి" అన్నాడా? గోడ మీద సేఫ్టీ పాలసీ ఫ్రేము కట్టి పెడతారు, ఎస్ఎంఎస్ అంటారు, సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ప్రమాదకరమైన సంగతులు పేరు లేకుండా రాసి వేయడానికి ఒక డబ్బా కూడా ఉంటుంది. ఆ డబ్బా తాళం తుప్పు పట్టిందేమో చూడండి. అసలు ఎస్ఎంఎస్ ఆ పిల్లాడి జవాబులో ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చెవిన పడొచ్చు, పార్కర్ గంటలు. అంటే పార్కర్ పెన్నుతో లాగ్‌బుక్‌లో ఎగిరిన గంటలు. విమానం నేల మీదే ఉంటుంది, పుస్తకంలో విజయవాడ పోయొస్తుంది. 2011లో నకిలీ మార్కుల కాగితాలు, దొంగ గంటల గొడవ దేశమంతా పేపర్లకెక్కింది, అరెస్టులు కూడా అయ్యాయి. ఎవరైనా "గంటల సంగతి మేం అడ్జస్ట్ చేస్తాం" అని మీ చెవిలో చెబితే అదేదో సాయం అనుకోకండి. ఆ గంటలు తక్కువైన మనిషి వెనక రేపు నూట ఎనభై మంది కూర్చుంటారు. పట్టుబడితే లైసెన్స్ పోయేది మీ పిల్లాడిది.

పొద్దున్నే బ్రెత్ అనలైజర్ టెస్ట్ జరుగుతోందా చూడండి. ఎగిరే ముందు ఇన్‌స్ట్రక్టర్లు, స్టూడెంట్లు ఊదాల్సిందే. మిషన్ ఉండి రిజిస్టర్‌లో అందరి పేర్ల పక్కనా ఒకే చేతిరాత ఉంటే ఇంక నేనేం చెప్పను. రన్‌వే వైపు చూడండి. ఫైర్ ఇంజిన్ ఉందా, దాని డ్రైవర్ ఉన్నాడా, కంచె దాటి గేదెలొస్తున్నాయా? గాలి సంచి చిరిగి గుడ్డపేలికలా వేలాడుతుంటే దాన్ని చూసి ఏ కుర్రాడు గాలి దిశ నేర్చుకుంటాడు? రన్‌వేకి లైట్లు లేకపోతే ఆ 5 గంటల రాత్రి ఫ్లయింగ్ ఎక్కడ చేయిస్తారు, ఎంతకాలం ఆగాలి అని అడగండి. శిక్షణ చివర్లో ఎగిరే రెండు ఇంజిన్ల విమానం సంగతీ అంతే. స్కూల్లో అలాంటిది ఒక్కటే ఉండి, అదీ పాడైతే చివరి మెట్టు మీద అందరూ క్యూలో నిలబడతారు.

గ్రౌండ్ క్లాసుల గురించి ఎక్కువ చెప్పను. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్, ఇవన్నీ డీజీసీఏ పరీక్షలు, నూటికి 70 మార్కులు రావాలి. బయట కోచింగ్‌లో కూడా చదువుకోవచ్చు. నా సలహా ఏమిటంటే, అవి పాసయ్యాకే ఫ్లయింగ్‌కి డబ్బు కట్టండి. అది తట్టుకోలేని పిల్లాడైతే ఎకరం మిగులుతుంది.

డబ్బు

మొత్తం ఒకేసారి కట్టకండి. డిస్కౌంట్ ఇస్తామన్నా కట్టకండి. గంటలకి ముడిపెట్టి విడతలు అడగండి. మొదటి 25 గంటలకి ఇంత, అవి ఎగిరాక తర్వాతి విడత. ఒప్పుకోకపోతే కనీసం అగ్రిమెంట్‌లో కొన్ని మాటలు రాయించుకోండి: విమానాలు ఆగిపోయి నెలకి ఇన్ని గంటల కంటే తగ్గితే ఏం చేస్తారు, మధ్యలో మానేస్తే ఎగరని గంటల డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, పెట్రోల్ ధర పెరిగితే ఎవరు భరిస్తారు, చివర్లో ఎగిరి చూపించే పరీక్ష, స్కిల్ టెస్ట్‌కి విమానం ఖర్చు ఫీజులో ఉందా లేదా. నోటిమాటకి విలువ లేదు. చెక్కు రాసే చేత్తోనే అగ్రిమెంట్ ప్రతి పేజీ చదవండి, ఇంగ్లీషు రాకపోతే చదివే మనిషిని తీసుకెళ్లండి.

అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లకి వాతావరణం, విమానాల సంఖ్య కలిసొస్తాయి, నిజమే. తిరిగొచ్చాక ఇక్కడి లైసెన్స్‌గా మార్చుకోవడానికి మళ్లీ పరీక్షలు, ఫ్లయింగ్ ఉంటాయి. ఆ ఖర్చు ముందే కలుపుకోండి. హాబ్స్ మీటర్, సీటు పట్టా మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే.

మేం ఆ స్కూల్లో చేరలేదు. బస్సులో వస్తుంటే మా బావమరిది రెండు గంటలు మాట్లాడలేదు, అడ్వాన్స్‌గా కట్టిన యాభై వేలు గుర్తొచ్చి. పిల్ల మాత్రం కిటికీకి తల ఆనించి ఏడ్చింది. ఆ తర్వాత మెడికల్ అయ్యింది, రెండు పేపర్లు పాసయ్యింది. పోయిన నెల తండ్రీకూతుళ్లు ఇంకో స్కూలు చూడ్డానికి నేను లేకుండానే వెళ్లారు. సాయంత్రం వాట్సాప్‌లో హాబ్స్ మీటర్ ఫోటోలు ఏడు వచ్చాయి. రాత్రి పిల్ల ఫోన్ చేసింది.

"మావయ్యా, సీటు గట్టిగా తోశాను, కదల్లేదు. మూలన ఒక విమానం విప్పి ఉంది గానీ ఇద్దరు పని చేస్తున్నారు. హాస్టల్లో నీళ్లే ఉప్పగా ఉన్నాయి."

"టెక్ లాగ్ చూపించారా?"

"ఇంజినీర్ సార్ లేరు, రేపు రమ్మన్నారు."

రేపు వెళ్లమన్నాను.